ఉపన్యాసం: మనం వినేది, హిందీవారు చదివేది

హిందీలో ‘ఉపన్యాస్’ అంటే నవల, తెలుగులో ‘ఉపన్యాసం’ అంటే ప్రసంగం, ఒకే సంస్కృత పదానికి ఇంత తేడా ఎలా వచ్చింది, ఇందులో తప్పు ఎవరిది అని మీరు అడిగారు. ఈ తేడా వల్ల నేను రెండు మూడు ఊళ్లలో నవ్వులపాలయ్యాను కనుక, తెలిసినంత రాస్తున్నాను.

బదిలీ మీద భోపాల్ వెళ్లిన కొత్తలో, శుక్రవారం శిక్షణ తరగతిలో ‘నా ఉపన్యాస్’ ఉందని, తప్పక రావాలని మా పై అధికారిని హిందీలో ఆహ్వానించాను. ఆయన ఎంతో సంతోషించి, మీరు రచయిత అని ఇన్నాళ్లూ చెప్పలేదేమని, పుస్తకం ఎవరు అచ్చువేశారని అడిగారు. నేను అనవలసిన మాట ‘వ్యాఖ్యాన్’ అని అప్పుడు తెలిసింది. కొన్నేళ్ల తర్వాత కొచ్చిలో మా సహోద్యోగి కూతురికి ఉపన్యాసం పోటీలో మొదటి బహుమతి వచ్చిందంటే, ఎంతసేపు మాట్లాడావమ్మా అని అడిగాను. నాలుగు పేజీలు రాశానని ఆ పిల్ల వింతగా చూస్తూ చెప్పింది. మలయాళంలో ఉపన్యాసం అంటే వ్యాసం. చెన్నైలో ఆ మాట వింటే రామాయణ, భాగవతాల మీద పండితులు చేసే ప్రవచనమే గుర్తుకు వస్తుంది. కన్నడంలో మాత్రం మనలాగే ప్రసంగం.

ఇక పదం పుట్టుక. ‘అస్’ అనే ధాతువుకు విసరడం, వేయడం అని అర్థం. దానికి ‘ని’ చేరితే కింద ఉంచడం, ‘ఉప’ కూడా చేరితే దగ్గరగా ఉంచడం. పూజలో చేసే అంగన్యాస కరన్యాసాల్లోని న్యాసం ఇదే. సన్న్యాసం, విన్యాసం, అభ్యాసం, సమాసం, చివరికి వ్యాసం కూడా ఈ ధాతువు సంతానమే. ఒక విషయాన్ని ఎదుటివారి ముందు ఉంచడమే ఉపన్యాసం. అమరకోశం ‘ఉపన్యాసస్తు వాఙ్ముఖమ్’ అంటుంది, అంటే మాటకు మొదలు. బ్రహ్మసూత్రాల్లో, నాలుగో అధ్యాయం నాలుగో పాదంలోని ‘బ్రాహ్మేణ జైమినిరుపన్యాసాదిభ్యః’ అనే సూత్రంలో ఈ పదం ప్రతిపాదన, ప్రస్తావన అనే అర్థంలో కనిపిస్తుంది. నవలతో వీటిలో దేనికీ సంబంధం లేదు.

ఆ అర్థాన్ని స్థిరపరచింది బెంగాలీలు. ఆ భాషలో ఈ మాట కథ అనే అర్థంలో వాడుకలోకి వచ్చింది. వెయ్యిన్నొక్క రాత్రుల కథలను వారు నేటికీ ‘ఆరబ్య ఉపన్యాస్’ అనే అంటారు. 1865లో బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ వెలువడి, బెంగాలీ నవలకు ఆదరణ పెరిగిన కొద్దీ ఆ ప్రక్రియకు ఇదే పేరు నిలిచింది, హిందీవారు దానిని అందుకున్నారు. జీవితాన్ని పాఠకుడి దగ్గర ఉంచేది కనుక ఉపన్యాస్ అని హిందీ పాఠ్యపుస్తకాలు చెప్పే వివరణ వినడానికి బాగుంటుంది కానీ, అది పేరు పెట్టిన తర్వాత వెతికి తెచ్చుకున్న సమర్థన అని నా అభిప్రాయం.

మన దగ్గర వీరేశలింగం పంతులు తన ‘రాజశేఖర చరిత్రము’ను వచన ప్రబంధం అన్నారు. తర్వాత ఇంగ్లీషు ధ్వనికి దగ్గరగా, ‘నవ’ అనే సంస్కృతార్థమూ కలిసివచ్చేలా ‘నవల’ కుదిరింది. మరాఠీ, కన్నడ భాషలైతే బాణభట్టు కథానాయిక పేరునే తీసుకుని నవలను ‘కాదంబరి’ అన్నాయి. అలా దక్షిణాదిలో నవలకు వేరే పేర్లు దొరకడంతో ఉపన్యాసం అనే పదం ప్రసంగానికీ వ్యాసానికీ మిగిలింది. వెనుకటి తెలుగువారు రాసిన వ్యాసాలను కూడా ఉపన్యాసాలనేవారు కనుక మలయాళీల వాడుక మనకు మరీ పరాయిదేమీ కాదు.

కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. మూలార్థానికి దగ్గర ఎవరని అడిగితే మాత్రం మనమూ మలయాళీలూ ఒక పక్క, బెంగాలీ, హిందీలు దూరంగా మరో పక్క అంటాను. మీరు హిందీలో పరిచయపత్రం రాసేటప్పుడు ‘ఆంధ్రోపన్యాసకుడు’ అన్న హోదాను అలాగే దించకండి, నవలాకారుడేమో అనుకుంటారు. అక్కడ కళాశాల ఉపన్యాసకుణ్ణి ‘వ్యాఖ్యాతా’ అంటారు. ఆ మాటను తిరిగి తెలుగులోకి తెస్తే, వేదిక మీద మైకు పట్టుకుని కార్యక్రమం నడిపించే మనిషి అవుతాడు.