జెడ్900, స్ట్రీట్ ట్రిపుల్ 765 ఆర్: ఏది తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఇప్పుడు కేటీఎం 390 డ్యూక్ బైకు నడుపుతున్నారు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, ఉండేది విజయవాడ. ఎక్కువగా హైదరాబాద్ హైవే, అప్పుడప్పుడు ఘాట్ రోడ్లు, ఒక్కోసారి వెనక మీ ఆవిడ. కవాసకి జెడ్900, ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ 765 ఆర్ బైకుల మధ్య తేల్చుకోలేకపోతున్నారు.

నేనుండేది గుంటూరులో. నా దగ్గర జెడ్900 ఉంది, క్విక్‌షిఫ్టర్ (క్లచ్ పట్టకుండానే గేరు మార్చే ఏర్పాటు) రాకముందు మోడల్. మా బాబాయి కొడుకు దగ్గర ట్రిపుల్ ఆర్ ఉంది. కలిసి ఎటు వెళ్లినా మధ్యలో ఏదో ఒక టీ కొట్టు దగ్గర తాళాలు మార్చుకుంటాం. అలా రెండు బండ్లూ ఒకే రోడ్డు మీద, ఒకే రోజు నడిపే అవకాశం దొరికింది. సొంత బండి మీద ఎవరికైనా కాస్త మమకారం ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

ముందే చెప్పేస్తాను. మీరు చెప్పిన వాడకానికి జెడ్900 సరిపోతుంది. అయితే దానికి 125 పీఎస్ (ఇంజన్ శక్తి కొలత, హార్స్‌పవర్ లాంటిదే) ఉంది, ట్రిపుల్‌కి 120 పీఎస్సే ఉంది అన్నది కారణం కాదు. ఆ అయిదు పీఎస్ తేడా మీ పిరుదులకు ఎప్పటికీ తెలియదు.

కాగితం మీద లెక్క చూద్దాం. జెడ్900ది 948 సీసీ, నాలుగు సిలిండర్లు. 9,500 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 125 పీఎస్, 7,700 దగ్గర 98.6 ఎన్ఎం టార్క్ (ఇంజన్ తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో). ట్రిపుల్ ఆర్‌ది 765 సీసీ, మూడు సిలిండర్లు. 11,500 దగ్గర 120 పీఎస్, 9,500 దగ్గర 80 ఎన్ఎం. యూట్యూబ్‌లో అందరూ ఈ నాలుగు అంకెలు చదివి ఆపేస్తారు. ఇంకొక్క మెట్టు వేయండి. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 7,023తో భాగిస్తే ఆ క్షణంలో ఇంజన్ ఇచ్చే పీఎస్ వస్తుంది. జెడ్900కి 98.6ని 7,700తో గుణించి భాగించండి: 108. ట్రిపుల్‌కి 80ని 9,500తో గుణించి భాగించండి: అదీ 108! టార్క్ గరిష్ఠంగా ఉన్న చోట రెండు ఇంజన్లూ ఇచ్చే శక్తి ఒక్కటే. జెడ్900 దాన్ని 1,800 ఆర్పీఎం ముందే ఇచ్చేస్తుంది, అంతే తేడా. మీరు తేల్చుకోవాల్సిందల్లా ఆ 1,800 ఆర్పీఎం మీకు బరువా, సరదానా అన్నది.

రోడ్డు మీద ఇది ఎలా ఉంటుందంటే: విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తూ సూర్యాపేట దాటాక ఒక లారీ, దాన్ని దాటలేక దాని వెనకే సాగుతున్న కారు. కారు పక్కకు జరిగి సందు ఇచ్చింది. జెడ్900 అయితే ఆరో గేరులోనే యాక్సిలరేటర్ తిప్పుతాను, బండి కిందనుంచే లాగుతుంది, అంతే. ఆలోచన అక్కర్లేదు. ట్రిపుల్ అయితే చెయ్యి తిప్పేలోపే ఎడమకాలు ఒకటో రెండో గేర్లు దించేస్తుంది. దించక్కర్లేకపోయినా దించుతాను, ఎందుకంటే క్విక్‌షిఫ్టర్‌తో ఆ పని అంత బాగుంటుంది, పైగా ఆ మూడు సిలిండర్ల గోల పైకి వెళ్లేకొద్దీ వదలబుద్ధి కాదు. మా తమ్ముడి వాదన ఇదే: "అన్నయ్యా, నీ బండి పనిచేస్తుంది, నా బండి ఆడిస్తుంది." వాడి మాట తీసిపారేయలేను. కానీ పొద్దున అయిదింటికి బయల్దేరి పది కల్లా హైదరాబాద్‌లో పని చూసుకుని సాయంత్రం తిరిగొచ్చే రోజున నాకు ఆట వద్దు, పని కావాలి.

ఇప్పుడు బరువు. ఇక్కడ ట్రిపుల్‌దే పైచేయి. పెట్రోలుతో సహా ట్రిపుల్ ఆర్ 189 కిలోలు, జెడ్900 212 కిలోలకు అటూఇటూ. శక్తిని బరువుతో భాగిస్తే ట్రిపుల్ దాదాపు 8 శాతం ముందుంటుంది. దీన్నే చాలామంది ట్రిపుల్ తిరుగులేనిదనడానికి చూపిస్తారు. కానీ బండి తనంతట తాను పోదు కదా! హెల్మెట్, జాకెట్‌తో కలిపి 75 కిలోల మనిషిని ఎక్కించండి, ఆ తేడా 4 శాతం చిల్లరకు దిగుతుంది. వెనక ఇంకో 70 కిలోలు కూర్చోబెట్టండి, రెండున్నర శాతమే మిగులుతుంది. నేరుగా పరుగెత్తడంలో దీనివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

బరువు తెలిసేది వేరే చోట. ఒకటి ఘాట్ రోడ్డు. మేం తరచూ వెళ్లేది నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల, అక్కడ్నుంచి శ్రీశైలం ఘాట్. (రాత్రి ఫారెస్ట్ గేటు వేసేస్తారు, పెందలాడే బయల్దేరండి.) ఒక వంపులోంచి ఇంకో వంపులోకి బండిని అటు నుంచి ఇటు పడుకోబెట్టాల్సిన చోట ట్రిపుల్ మనసులో అనుకుంటేనే తిరుగుతుంది. జెడ్900ని మోకాళ్లతో, చేతులతో కాస్త అడగాలి. ట్రిపుల్‌ది అల్యూమినియం ఫ్రేము, ముందు 310 ఎంఎం డిస్కులు, బ్రెంబో ఎం4.32 కాలిపర్లు (డిస్కుని పట్టి ఆపే బ్రేకు భాగాలు), ముందూ వెనకా షోవా సస్పెన్షన్. ముందు ఫోర్కులో ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు), కంప్రెషన్ (నొక్కుకునే వేగం), రీబౌండ్ (తిరిగి లేచే వేగం) మూడూ తిప్పుకోవచ్చు. నా జెడ్900 ఫోర్కులో ప్రీలోడ్, రీబౌండ్ రెండే, ముందు డిస్కులు 300 ఎంఎం. దోర్నాల గేటు దాటాక మా తమ్ముడు తాళం ఇవ్వడానికి సణుగుతాడు, వాడి బాధ నాకు అర్థమవుతుంది. ఆ రోడ్డే మీ రోజువారీ రోడ్డు అయ్యుంటే ఈ జవాబు తలకిందులయ్యేది.

రెండోది పార్కింగ్. అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు మీద బండిని వెనక్కి తోయాల్సి వచ్చినప్పుడు 23 కిలోలు అంటే దాదాపు ఒక బియ్యం బస్తా. మీ డ్యూక్ కొత్త మోడల్ అయితే 168 కిలోలే, 46 పీఎస్. అక్కడ్నుంచి వస్తున్న మీకు ట్రిపుల్ 20 కిలోల దూరంలో ఉంది, జెడ్900 నలభైకి పైన. మొదటి నెల యూటర్నుల దగ్గర, ఇసుక పడిన స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. సీటు ఎత్తు గురించి మాత్రం మీకు బెంగ అక్కర్లేదు. ట్రిపుల్ ఆర్ 826 ఎంఎం, జెడ్900 మోడల్‌ని బట్టి 820 నుంచి 830. నేనూ మీ ఎత్తే. రెంటి మీదా ముని వేళ్లు కాదు, పాదం ముందు భాగం బాగానే ఆనుతుంది.

ఇక్కడ ఒక పక్క మాట. ఇంగ్లండులో కుర్రాళ్లకు ముందు 35 కిలోవాట్ల లోపు బండికే లైసెన్సు ఇస్తారు, ఆ తర్వాతే పెద్దవి. మన దగ్గర ఆర్టీవో ఆఫీసు వెనక గ్రౌండులో వంద సీసీ బండి మీద ఎనిమిది వేసి చూపించినవాడు మర్నాడు 125 పీఎస్ బండి ఎక్కవచ్చు. చట్టం ఆపదు కాబట్టి మనమే ఆపుకోవాలి. మొదట్లో రెయిన్ మోడ్‌లోనో, జెడ్900లో అయితే తక్కువ పవర్ సెట్టింగులోనో నడపడం నామోషీ కాదు. వీలైతే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులోనో, కోయంబత్తూరు కరి ట్రాకులోనో జరిగే రైడింగ్ స్కూలుకి ఒకసారి వెళ్లి రండి. ఎగ్జాస్టు మార్పించడానికి పెట్టే డబ్బు కన్నా అది మంచి ఖర్చు.

ఎలక్ట్రానిక్స్ విషయంలో మోడల్ సంవత్సరం చూసి మాట్లాడాలి. 2023లో వచ్చిన ట్రిపుల్ ఆర్‌కి మొదటి నుంచీ ఐఎంయూ అనే సెన్సరు ఉంది, అంటే బండి ఎంత వంగిందో చూసుకుని ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోనివ్వనిది), ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారనివ్వనిది) పనిచేస్తాయి. క్విక్‌షిఫ్టర్ కూడా పైకీ కిందికీ కంపెనీ నుంచే వస్తుంది. జెడ్900కి 2020లో రైడింగ్ మోడ్‌లు, ట్రాక్షన్ కంట్రోల్, టీఎఫ్‌టీ (రంగుల డిస్‌ప్లే) వచ్చాయి కానీ ఐఎంయూ, క్విక్‌షిఫ్టర్, క్రూయిజ్ కంట్రోల్ 2025 మోడల్‌లో వచ్చాయి. నా బండిలో ఇవేవీ లేవు, హైవే మీద క్రూయిజ్ కంట్రోల్ లేకపోవడం ఒక్కటే నాకు వెలితి. కొత్తది కొంటున్నారు కాబట్టి ఈ తేడా మీకు చాలావరకు పోయింది. ఎవరైనా సెకండ్ హ్యాండ్ 2021 జెడ్900 చవగ్గా చూపిస్తే మాత్రం ఏం పోగొట్టుకుంటున్నారో తెలుసుకుని కొనండి.

వేడి సంగతి అడిగారు. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే ఇంత పెద్ద ఇంజన్ ఏదైనా కాళ్లకు సెగ కొడుతుంది, ఫ్యాను తిరిగితే ఇంకాస్త. జీన్స్ బదులు రైడింగ్ ప్యాంటు వేస్తే భరించొచ్చు. ఊళ్లో కూరగాయలకు వెళ్లడానికి మాత్రం ఇంట్లో స్కూటీ ఉండనివ్వండి.

మైలేజ్ లీటరుకు 18 వస్తుందనుకుంటే జెడ్900 17 లీటర్ల ట్యాంకుకి 306 కిలోమీటర్లు, ట్రిపుల్ 15 లీటర్ల ట్యాంకుకి 270. విజయవాడ-హైదరాబాద్ 275 దాకా ఉంటుంది. ట్రిపుల్‌తో దారిలో ఒకసారి బంకు దగ్గర ఆగక తప్పదు. టీకి ఎలాగూ ఆగుతాం కాబట్టి ఇది పెద్ద తేడా అనుకోను.

వెనక సీటు గురించి నిజం చెప్పాలంటే రెండూ దండగే. చిన్న దిమ్మె, పట్టుకోవడానికి సరైన ఆధారం లేదు, కాళ్లు పైకి మడిచి కూర్చోవాలి. మా ఆవిడ రెంటి మీదా కూర్చుని, మంగళగిరి దాకా అయితే జెడ్900, అంతకు మించితే కారు అని తేల్చేసింది. చీర కట్టుకుని ఎక్కే బండ్లు కావివి. నెలకోసారి ఇద్దరూ లాంగ్ ట్రిప్ వెళ్లడం ముఖ్యమైతే అసలు ఈ రకం బండే వద్దు, అడ్వెంచర్ టూరర్ చూడండి.

డబ్బు దగ్గరికి వద్దాం. 2023 జూన్‌లో ట్రిపుల్ ఆర్ ఎక్స్‌షోరూమ్ 10.17 లక్షలకు వచ్చింది, దానిలోనే ఖరీదైన రకం ఆర్ఎస్ 11.81 లక్షలకు. 2025 జెడ్900 వచ్చినప్పుడు 9.52 లక్షలు. ఆ అంకెలు పట్టుకుని షోరూమ్‌కి వెళ్తే ఖంగు తింటారు, ఎందుకంటే 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం అయింది. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. ఆ భారం మొత్తం కొనేవాడి మీద వేస్తే పది లక్షల బండికి సుమారు 70 వేలు పెరుగుతుంది. ఎంత వేశారు, ఎంత కంపెనీ భరించింది అన్నది ఆ రోజు ధర అడిగితేనే తెలుస్తుంది. లైఫ్ ట్యాక్స్ లక్ష మాటే. ఇన్సూరెన్సు కూడా లెక్కలో వేసుకోండి. షోరూమ్ వాళ్లు చెప్పిన ప్రీమియం ఒప్పుకునే ముందు బయట ఒకసారి అడిగి చూడండి. టైర్లు రెంటికీ ఒకే సైజు: ముందు 120/70, వెనక 180/55, 17 అంగుళాలు. జత మార్చాలంటే 30 వేల పైమాటే, మెత్తని టైరు వేసుకుంటే అది త్వరగానే అరుగుతుంది.

ఆర్ఎస్ కొందామా అని కూడా రాశారు. 130 పీఎస్ ఉన్నా టార్క్ అదే 80. పెట్టిన అదనపు డబ్బు వెనక ఓలిన్స్ షాక్ అబ్జార్బరు, బ్రెంబో స్టైలెమా కాలిపర్లు, సూపర్‌కోర్సా టైర్ల లాంటి వాటికి పోతుంది. ట్రాకుకి వెళ్లేవాళ్లకు అవి బంగారం. మన గోతులకు ఆర్ చాలు.

సర్వీసింగ్ మాత్రం అందరూ ఆఖరికి వదిలేస్తారు, నేనైతే మొదట అడిగేది అదే. ట్రయంఫ్ వ్యాపారం ఇక్కడ 2023 నుంచి బజాజ్ చూసుకుంటోంది, 400 సీసీ బండ్ల షోరూములు చాలా ఊళ్లకు వచ్చాయి. బోర్డు ఉన్నంత మాత్రాన అక్కడ 765 విప్పగల మెకానిక్ ఉన్నాడని కాదు, నేరుగా అడగండి. కవాసకి దగ్గర కూడా ఇదే ప్రశ్న: విజయవాడలో చేస్తారా, హైదరాబాద్ తీసుకెళ్లాలా? మా గ్రూపులో ఒకాయన బండి (ఈ రెండూ కాని మరో బ్రాండు) పార్కింగులో పక్కకు పడి బ్రేకు లీవరు విరిగితే, ఆ ఒక్క ముక్క కోసం వారాల తరబడి కవరు కప్పుకుని కూర్చుంది. లీవర్లు, బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు స్టాకు ఉంటాయా అని అడిగి, జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడండి.

టెస్ట్ రైడ్ ఆదివారం పొద్దున కాదు, మామూలు రోజు మధ్యాహ్నం తీసుకోండి. మీ సొంత హెల్మెట్, బూట్లు వేసుకుని వెళ్లండి. మూడో గేరులో 3,000 ఆర్పీఎం దగ్గర నుంచి నెమ్మదిగా తెరిచి ఏ బండి ఎలా లాగుతుందో చూడండి, ఆర్పీఎం మీటరులో ఎర్ర గీత దాకా తీసుకెళ్లి మురిసిపోకండి. ఒక ఇరుకు సందులో యూటర్న్ తిప్పండి. ఇంజన్ ఆపి పది అడుగులు వెనక్కి తోయండి. మీ ఆవిడని కూడా తీసుకెళ్లి రెంటి మీదా కూర్చోబెట్టండి. ఇంత చేశాక కూడా మీ చెయ్యి ట్రిపుల్ వైపే పోతుంటే నా మాట పక్కన పెట్టి అదే తీసుకోండి. అప్పుడు శ్రీశైలానికి మాతో రండి, దోర్నాల దగ్గర మా తమ్ముడు కాదంటే మీ తాళమే అడుగుతాను.