పాత ఫర్నేస్ రాడ్లు ఎందుకు నెమ్మదిస్తాయి?
మహబూబ్‌నగర్ డెంటల్ ల్యాబ్‌లో ఫర్నేస్ వేడెక్కడం ఆలస్యమవుతోంది, కరెంటు లోపమా అని అడిగారు. వోల్టేజీ సరిగ్గా ఉంటే అనుమానం వేడినిచ్చే రాడ్ల మీదే. ఈ రాడ్లలోని సిలికాన్ కార్బైడ్ ఎర్రగా కాలినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సిలికాగా మారుతుంది. సిలికాలో కరెంటు పారదు. అందుకే రాడ్డు నిరోధం ఏటికేడు పెరిగి, చివరికి కొత్తదానికి మూడు నాలుగు రెట్లవుతుంది. అదే వోల్టేజీకి వేడి తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ మెట్టు) పెంచితే కొంతకాలం నడుస్తుంది.

ఒక రాడ్డు విరిగితే అదొక్కటే మార్చడం మనవాళ్ల అలవాటు. వద్దు! సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటి కలిపి) ఉంటే నిరోధం ఎక్కువున్న పాతదే ఎక్కువ కాలి, త్వరగా పోతుంది. సెట్టంతా మార్చండి.

మరో రకమైన మాలిబ్డినమ్ డైసిలిసైడ్ రాడ్లకు ఈ బాధ తక్కువ. పైన గాజుపొర ఏర్పడి కాపాడుతుంది. వాటికి తంటా 500 డిగ్రీల దగ్గరే. అక్కడ ఎక్కువసేపు ఆపితే పొడి రాలుతుంది.