ఖాళీ మైదానానికి దండం ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా కుటుంబంతో జపాన్‌లోని నిషినోమియాలో ఉంటున్నాడు. ఈ ఏడాది మా మనవడు అక్కడ బేస్‌బాల్ జట్టులో చేరాడు. శని, ఆదివారాలు పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి గానీ ఇల్లు చేరడు. వీడియో కాల్‌లో చూశాను, పిల్లలంతా వరసగా నిలబడి టోపీలు తీసి ఖాళీ మైదానానికి వంగి దండం పెడుతున్నారు. బేస్‌బాల్ అమెరికా వాళ్ల ఆట కదా! వాళ్లతో అంత యుద్ధం చేసిన జపాన్ వాళ్లకి ఈ ఆట మీద ఇంత ప్రేమ ఎలా కలిగింది?

జవాబు: అమ్మా, మీ వాళ్లుండే ఊళ్లోనే నేను తొమ్మిదేళ్లు ఉన్నాను, ఒక యంత్రాల కంపెనీలో అనువాదకుడిగా. బడిపిల్లల జాతీయ బేస్‌బాల్ పోటీలు జరిగే కోషియెన్ స్టేడియం ఆ ఊళ్లోదే. ఆగస్టులో కిటికీ తెరిచి పెడితే ప్రతి ఆట మొదట్లోనూ చివర్లోనూ మోగే సైరన్ మా గదిలోకి వినిపించేది. మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన వడ్రంగి. కుర్రతనంలో స్కూలు జట్టులో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. అప్పుడు బంతి తగిలి వంకర తిరిగిన చూపుడువేలు అలాగే ఉండిపోయింది. మీరు అడిగినదే నేనూ ఆయన్ని అడిగాను. సమురాయ్‌లనీ, కత్తిసామనీ ఏదో చెప్తారనుకున్నాను. ఆయన మాత్రం "మా స్కూల్లో అదే ఉండేది" అన్నారు. ఆ మాట అప్పుడు చప్పగా అనిపించింది. తర్వాత చదివినకొద్దీ అసలు జవాబు అందులోనే ఉందని అర్థమైంది.

ఈ ఆట జపాన్‌లోకి బడి గుమ్మంలోంచి వచ్చింది. చక్రవర్తి పేరుతో కొత్తగా వచ్చిన మెయిజీ ప్రభుత్వం ఏర్పడి అప్పటికి నాలుగేళ్లయింది. పడమటి చదువుల కోసం విదేశీ ఉపాధ్యాయులను జీతాలిచ్చి రప్పించుకుంటున్న రోజులవి. అలా వచ్చిన హోరస్ విల్సన్ అనే అమెరికన్ 1872లో టోక్యోలో తన విద్యార్థులకు బంతీ బ్యాటూ ఇచ్చి ఆడించారు. అమెరికాలో రైలు ఇంజనీరింగ్ నేర్చుకుని వచ్చిన హిరవొక హిరోషి 1878లో టోక్యోలోని షింబాషిలో ఒక జట్టు కట్టారు. నిజానికి యోకొహామాలో బ్రిటిష్ వాళ్లు 1868లోనే క్రికెట్ క్లబ్ పెట్టుకున్నారు. కానీ అది దొరల క్లబ్బు, వాళ్లలో వాళ్లే ఆడుకునేవారు. బేస్‌బాల్‌ను మాత్రం పాఠం చెప్పే మాస్టారే పిల్లల చేతిలో పెట్టారు. క్రికెట్ వెనకబడి బేస్‌బాల్ నిలవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

అయితే కాలేజీ కుర్రాళ్ల ఆట దేశం మొత్తానికి ఎలా పాకింది? 1896 మే 23న జరిగిన ఒక మ్యాచ్ గురించి చెప్పాలి. అప్పట్లో పడమటి దేశాలు జపాన్ మీద రుద్దిన అసమాన ఒప్పందాలు ఉండేవి. యోకొహామాలో ఉండే విదేశీయుడు తప్పు చేస్తే జపాన్ కోర్టు విచారించడానికి వీల్లేదు. ఆ అవమానం చదువుకున్న ప్రతివాడి మనసులోనూ ఉండేది. టోక్యోలో ఇచికో అనే పేరున్న కాలేజీ కుర్రాళ్లు, మాతో ఆడండని యోకొహామా విదేశీయుల క్లబ్‌ను ఏళ్ల తరబడి అడిగారు. వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకుని తమ మైదానానికి పిలిచారు. కుర్రాళ్లు 29-4తో గెలిచారు. కొద్ది రోజుల్లో మళ్లీ ఆడి మళ్లీ గెలిచారు. పత్రికలు ఆ వార్తను దేశమంతా మోశాయి. వాళ్ల ఆటలో వాళ్ల మైదానంలోనే వాళ్లను ఓడించాక, అది ఇక వాళ్ల ఆటగా ఎలా మిగులుతుంది?

పేరు కూడా మారిపోయింది. అదే ఇచికోలో ఆడిన చూమన్ కనాయె 1894లో దీనికి 'యక్యూ' అని పేరు పెట్టారు. 'య' అంటే మైదానం, 'క్యూ' అంటే బంతి. మీ మనవడు కూడా ఇంట్లో యక్యూ అనే అంటూ ఉంటాడు, గమనించండి. కొత్త హైకూకు దారి వేసిన కవి మసవొక షికి కాలేజీ రోజుల్లో క్యాచర్‌గా ఆడేవారు. వెన్నెముకకు క్షయ సోకి మంచం పట్టాక, పరిగెత్తలేని ఆ మనిషి పత్రికలో ఈ ఆట గురించి వ్యాసాలు రాశారు, 1898లో పద్యాలు కట్టారు. బ్యాటర్‌ని 'దషా', పరిగెత్తేవాణ్ణి 'సోషా' అనడం ఆయన రాతల్లోంచి వచ్చిందే. 34 ఏళ్లకే 1902లో పోయారు. సరిగ్గా వందేళ్లకు, 2002లో, ఆయన్ను బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆటగాళ్ల మధ్య ఒక కవిని కూర్చోబెట్టుకున్న ఆ దేశమంటే నాకు చాలా గౌరవం.

అందరూ మెచ్చుకున్నారని కాదు. వసేదా, కెయో యూనివర్సిటీల పోటీ 1903లో మొదలైంది. అభిమానుల ఆవేశం చూసి భయపడి 1906లో ఆపేస్తే మళ్లీ 1925 దాకా జరగలేదు. 1911లో టోక్యోలో అసాహి పత్రిక బేస్‌బాల్ వల్ల కలిగే చెడు గురించి వరస వ్యాసాలే వేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1915లో, ఒసాకాలోని అదే అసాహి బడిపిల్లలకు జాతీయ పోటీలు మొదలుపెట్టింది. పత్రికకు రోజూ రాయడానికి కథలు కావాలి. రైలు కంపెనీలకు సెలవు రోజుల్లో ప్రయాణికులు కావాలి. ఒసాకా, కోబేల మధ్య రైళ్లు నడిపే హన్షిన్ కంపెనీ 1924 ఆగస్టు 1న తన లైను పక్కనే కోషియెన్ స్టేడియం తెరిచింది. ప్రొఫెషనల్ జట్లూ అలాగే పుట్టాయి. టోక్యో జెయింట్స్ వెనక యోమియురి పత్రిక, టైగర్స్ వెనక హన్షిన్ రైళ్లు.

ఇప్పుడు యుద్ధం సంగతి. 1934లో అమెరికా బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ వాళ్ల జట్టు జపాన్ వచ్చినప్పుడు సవమురా ఎయిజి అనే 17 ఏళ్ల పిచ్చర్, అంటే బంతి విసిరే కుర్రాడు, రూత్‌నీ, గెరిగ్‌నీ కలిపి నలుగురు అమెరికా మహామహుల్ని వరసగా అవుట్ చేశాడు. ఆ మ్యాచ్ 1-0తో ఓడినా సవమురా పేరు ఎవరూ మర్చిపోలేదు. పదేళ్ల తర్వాత సైనికుడిగా ఓడలో వెళ్తూ, అమెరికా జలాంతర్గామి దెబ్బకు చనిపోయాడు. ఇప్పుడు ఏటా ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే అవార్డు ఆయన పేరు మీదే ఉంది. యుద్ధకాలంలో ఇంగ్లిష్ మాటలు వద్దని, అంపైర్‌ని 'స్ట్రైక్' అనే బదులు 'యోషి' అనమన్నారు. మాటల్ని మార్చారే తప్ప ఆటను అమెరికాదని వదిలేయలేదు. లొంగిపోయిన మూడు నెలలకే, 1945 నవంబర్‌లో, టోక్యోలో మళ్లీ ప్రొఫెషనల్ మ్యాచ్ జరిగింది. 1946 ఆగస్టులో స్కూళ్ల పోటీలు కూడా మొదలయ్యాయి. కోషియెన్ అమెరికా సైన్యం చేతిలో ఉండడంతో ఆ ఏడాది వేరే స్టేడియంలో ఆడారు.

ఇక మీరు చూసిన దండం. ఆడే చోటును వాళ్లు కత్తిసాము నేర్చుకునే శాలలాగే చూస్తారు. లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వంగుతారు. ఆట అయ్యాక నేలను చదును చేసేది కూడా పిల్లలే. ఆ పొడవాటి చెక్క పనిముట్టును 'తొంబో' అంటారు, అంటే తూనీగ. ఆకారం అలాగే ఉంటుంది. మీ మనవడు తొంబో లాగుతుంటే ఒక ఫొటో తీసి పంపమనండి.

ఆ మట్టి మీద వాళ్లకెంత మమకారమో కోషియెన్‌లో తెలుస్తుంది. వేసవి పోటీల్లో మూడు వేలకు పైగా జట్లు తలపడతాయి. కోషియెన్ దాకా వచ్చేవి 49. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఓడిన పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తూ ఆ మట్టిని సంచిలోకి ఎత్తుకుంటారు. 1958లో దక్షిణాన ఉన్న ఒకినావా దీవి నుంచి మొదటిసారి షురి హైస్కూల్ జట్టు వచ్చింది. ఓడిపోయి, మట్టి తీసుకుని ఓడెక్కింది. ఒకినావా అప్పటికింకా అమెరికా పాలనలోనే ఉంది. అంటే చట్టం ప్రకారం అది విదేశీ మట్టి. నహా రేవులో క్వారంటైన్ వాళ్లు దాన్ని సముద్రంలో పారబోయించారు. ఈ వార్త విని కొందరు ఎయిర్ హోస్టెస్‌లు కోషియెన్ గులకరాళ్లు ఏరి ఆ పిల్లలకు పంపారు. రాళ్లకు ఆ చట్టం అడ్డు రాలేదు. షురి స్కూల్లో ఆ రాళ్లతో స్మారకం కట్టారు. 2010లో ఒకినావాకే చెందిన కోనన్ హైస్కూల్ వేసవి కప్పు గెలిచిన రోజు మా ఓనరు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. ఆయనది ఒకినావా కాదు.

ఒక్క విషయం మీ అబ్బాయికి చెప్పండి. బాబు పిచ్చర్ అయితే వారానికి ఎన్ని బంతులు వేస్తున్నాడో లెక్క పెట్టమనండి. హైస్కూలు పోటీల్లోనే 2020 నుంచి వారానికి 500 దాటకూడదని నిబంధన పెట్టారు. చిన్నపిల్లల మోచేయి అంతకన్నా చాలా సున్నితం. నొప్పి అంటే ఆ వారం ఆపేయాలి, కోచ్ ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

మీరు వెళ్లేది ఆగస్టులో అయితే టోపీ, నీళ్లు పట్టుకుని ఒక రోజు మనవడితో కోషియెన్‌కి వెళ్లండి. హన్షిన్ రైలు దిగితే ఎదురుగా అదే. గోడలంతా ఐవీ తీగ పాకి ఉంటుంది. గెలిచిన జట్టు వరసగా నిలబడి తమ బడి పాట పాడుతుంది, అది అయ్యేదాకా లేవకండి.