ప్యాకెట్ ఉప్పు వల్లే మా అప్పకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా?

మీ ప్రశ్న, డాక్టరమ్మ జవాబు

ప్రశ్న: డాక్టరమ్మగారూ, మాది సంతబొమ్మాళి మండలం. మా అప్పకి, అంటే అక్కకి, నలభై రెండేళ్ళు. గొంతులో గడ్డ కనిపిస్తే విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేసి, పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. ఇప్పుడు రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ వెదజల్లే అయోడిన్ మందు, ఇస్తారట. దానికి ముందు రెండు వారాలు అయోడిన్ ఉప్పు మానేయాలని చీటీ మీద రాసిచ్చారు. అది చూసి మా అత్త "చూసినావా, ఆ పేకెట్టుప్పుదే తప్పంతా" అంది. అప్పట్నుంచి ఇంటిల్లిపాదికీ నౌపడ ఉప్పు కొటార్ల దగ్గర తెచ్చిన కల్లుప్పే. మా పెద్దమ్మాయికి ఐదో నెల, వాంతులు తగ్గడం లేదని తీసుకొచ్చి మా దగ్గరే ఉంచుకున్నాం. తనకీ అదే ఉప్పు. మేం చేస్తున్నది సరైనదేనా?
ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి సంగతి. ఈ పత్రిక చేతికొచ్చిన రోజే ఆ పిల్ల కూరలోకి అయోడిన్ ఉప్పు మళ్ళీ మొదలుపెట్టండి. మిగతా జవాబు ఆ తర్వాత చదువుకోవచ్చు. కడుపులో బిడ్డ మెదడు తయారయ్యే నెలలివి. బిడ్డ గొంతులోని థైరాయిడ్ గ్రంథి తన పని తాను చేసుకోవడం సుమారు ఈ ఐదో నెలలోనే మొదలవుతుంది. అప్పటిదాకా తల్లి ఇచ్చే హార్మోనే ఆధారం, ఆ తర్వాత కూడా అయోడిన్ తల్లి నుంచే రావాలి. మామూలు మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. గర్భిణికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ లోటు వల్ల బిడ్డ తెలివికి జరిగే నష్టాన్ని పుట్టాక ఏ మందుతోనూ పూడ్చలేం.

ఇక మీ అప్ప చీటీ. అయోడిన్ మానమన్నది అది క్యాన్సర్ తెచ్చిందని కాదు. థైరాయిడ్ కణానికి అయోడిన్ అంటే ఆకలి. రెండు వారాలు పస్తు పెడితే, మిగిలిపోయిన కణాలు ఆ ఆకలి మీద మందు రూపంలో ఇచ్చిన రేడియో అయోడిన్‌ని గబగబా లాక్కుంటాయి, దాంతో నశిస్తాయి. చికిత్స కోసం పెట్టే పస్తు అది, మీ అప్ప ఒక్కరికే, ఆ రెండు వారాలకే. సముద్రపు చేపలు, రొయ్యలు, పాలు, గుడ్లు కూడా ఆపమంటారు. ఏ ఉప్పు వాడాలో కూడా ఆస్పత్రివాళ్ళనే అడగండి.

ఈ ఆకలి సంగతి నాకు పుస్తకాల కంటే ముందు మా అమ్మ గొంతులో తెలిసింది. అమ్మ పుట్టిల్లు సాలూరు దాటాక కొండవార పల్లె. వానలు కొండమట్టిలోని అయోడిన్‌ని కడిగేస్తాయి. ఆ మట్టిలో పండిన తిండికీ, అక్కడి నీళ్ళకూ అది అందదు. అమ్మకు గొంతు కింద ఎడమవైపు నిమ్మకాయంత వాపు ఉండేది. పెళ్ళి ఫొటో మొదలు మా అన్నయ్య పెళ్ళి ఫొటో దాకా ప్రతి దాంట్లోనూ పమిట మెడ చుట్టూ తిప్పుకుని ఉంటుంది. చలి వల్ల అనుకునేదాన్ని చిన్నప్పుడు. వైద్యం చదువుకోవడానికి విశాఖపట్నం వెళ్ళి తిరిగొచ్చిన మొదటి సెలవుల్లో అమ్మ చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి గుటక వేయమన్నాను. గుటకతోపాటు ఆ కాయ పైకి లేచి కిందికి దిగింది. అది థైరాయిడ్ అని అప్పుడు నా వేళ్ళకు తెలిసింది. అయోడిన్ చాలకపోతే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని పెంచి థైరాయిడ్‌ని అదిలిస్తూ ఉంటుంది. గ్రంథి ఉబ్బుతుంది, ఏళ్ళ తరబడి అలా ఉంటే కంతులు కడుతుంది. ఫాలిక్యులర్ రకం క్యాన్సర్, దానికంటే మొండిదైన అనాప్లాస్టిక్ రకం అయోడిన్ లోటు ఉన్న ప్రాంతాల్లోనే ఎక్కువ పాళ్ళలో కనిపిస్తాయి. లోటు తీరిన చోట వాటి వాటా తగ్గి, మీ అప్పకు వచ్చిన పాపిల్లరీ రకం వాటా పెరుగుతుంది. "ఉప్పు వచ్చాకే పాపిల్లరీ పెరిగింది" అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. అన్నిట్లోకీ నెమ్మదైనది, వైద్యానికి బాగా లొంగేది ఆ పాపిల్లరీయే. ధైర్యంగా ఉండమని మీ అప్పకు చెప్పండి.

అతిగా తింటే? జపాన్‌లో సముద్రపు నాచు రోజూ తినేవాళ్ళుంటారు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో అలా తినేవారికి పాపిల్లరీ ఎక్కువగా వచ్చినట్టు అక్కడ ఒక అధ్యయనంలో తేలింది. కొన్ని రకాల నాచు చిటికెడులో మనకు రోజుల తరబడి సరిపోయే అయోడిన్ ఉంటుంది. మన ప్యాకెట్ ఉప్పు సంగతి వేరు. ఇంటికి చేరేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని నియమం. పది గ్రాముల ఉప్పు తింటే 150. అమెరికాలో పెద్దవాళ్ళకు పెట్టిన పై హద్దు 1,100. ఈ లెక్కన అది దాటాలంటే 70 గ్రాములకు పైగా ఉప్పు తినాలి, మనిషి వల్ల కాదు. అయోడిన్ కోసమని ఉప్పు పెంచొద్దు, బీపీ ఉంటే అసలే వద్దు.

నౌపడ ఉప్పును నేను తక్కువ చేయడం లేదు. ఆ ఎండలో మడుల్లో నిలబడి ఉప్పు తీసే చేతుల్ని ఎరుగుదును. అయితే "సముద్రంలోంచి వచ్చిందే కదా, అయోడిన్ ఉండదా" అంటారు, లెక్క చూడండి. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అయోడిన్ మాత్రం 50, 60 మైక్రోగ్రాములే. అదంతా నిలిచినా గ్రాముకు రెండు మైక్రోగ్రాములు రాదు. అందుకే విడిగా కలపాలి. ఆవకాయకు కల్లుప్పు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. రోజువారీ కూరకు మాత్రం నవ్వే సూర్యుడి బొమ్మ ఉన్న ప్యాకెట్ చూసి కొనండి, కల్లుప్పులో కూడా అలాంటివి దొరుకుతాయి. పొయ్యి పక్కన మూతలేని జాడీలో పోసి తడిచేత్తో తీస్తే అయోడిన్ కొంత పోతుంది. బిగువు మూత డబ్బాలో పెట్టి, కూర దించే ముందు వేయండి.

ఈ ఉప్పు వెనక మన ఊరివాడే ఉన్నాడని మీ అత్తగారికి చెప్పండి. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలుగా చూశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు. ఏళ్ళు గడిచేసరికి మొదటి రెండింట్లో గొంతువాపులు బాగా తగ్గాయి. దేశంలో 1962లో మొదలైన గాయిటర్ (గొంతువాపు) నియంత్రణ కార్యక్రమానికి ఆ పనే దారి చూపింది. మా అమ్మ వయసు దాటాక వచ్చింది ఆ ఉప్పు మా పల్లెకు. మా అక్క కూతుళ్ళలో ఒక్కరికీ ఆ వాపు లేదు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు గట్టిగా రుజువైన కారణం చిన్నతనంలో తగిలిన రేడియేషన్. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం తర్వాత పాల ద్వారా రేడియో అయోడిన్ పిల్లల గొంతులకు చేరింది. అక్కడా అయోడిన్ లోటు ఉన్న ఊళ్ళ పిల్లలకే ముప్పు ఎక్కువైంది. ఆకలితో ఉన్న గ్రంథి విషమని చూడలేదు, తాగేసింది.

ఒక్క మాట మర్చిపోకండి. మీ అప్ప రేడియో అయోడిన్ తీసుకుని ఇంటికొచ్చాక కొన్ని రోజులు గర్భిణులకు, పసివాళ్ళకు దూరంగా ఉండాలి. ఎన్ని రోజులో ఆస్పత్రిలో అడిగి రాయించుకోండి. ఆ రోజులకు మీ అమ్మాయిని వాళ్ళ అత్తవారింటికి పంపించండి.

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు 50 ఏళ్ళు, విజయనగరంలో కిరాణా కొట్టు. ఒళ్ళంతా పరీక్షల ప్యాకేజీలో థైరాయిడ్‌లో 8 మిల్లీమీటర్ల కంతి ఉందన్నారు. నిద్ర పట్టడం లేదు. ఆపరేషన్ చేయించుకోనా?

జవాబు: తొందరపడకండి బాబూ. థైరాయిడ్ కంతుల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కావు. సెంటీమీటరు లోపు ఉన్నదానికి, స్కానింగ్‌లో అనుమానపు గుర్తులు, మెడలో బిళ్ళలు లేకపోతే, సాధారణంగా సూది పరీక్ష కూడా అక్కర్లేదు. దక్షిణ కొరియాలో 1999 తర్వాత క్యాన్సర్ పరీక్షలతోపాటు జనం గొంతు స్కానింగ్ కూడా చేయించుకోసాగారు. 2011కల్లా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993 నాటికి 15 రెట్లయ్యాయి. చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం అలాగే ఉంది. జీవితమంతా ఏ బాధా పెట్టని చిన్న కంతుల కోసం వేలమంది గొంతు కోయించుకుని, తర్వాత రోజూ మాత్ర మింగుతున్నారు.

మీరు టీఎస్‌హెచ్ పరీక్ష ఒకటి చేయించి, ఆ రిపోర్టులో కంతి అంచులు, సున్నపు చుక్కల గురించి ఏం రాశారో ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల వైద్యుడికి) చూపించండి. మళ్ళీ స్కానింగ్ ఎప్పుడో ఆయన చెబుతారు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ ఇచ్చినా ఆ మాట తప్పకుండా చెప్పండి. గొంతు బొంగురుపోయినా, మింగుడు పడకపోయినా, గడ్డ గబగబా పెరిగినా ఆ తేదీ దాకా ఆగకండి.