మిద్దె ఎక్కకుండానే 3 కిలోవాట్లా?

ప్రశ్న: మాది తిరుచానూరు. నెలకు 140, 150 యూనిట్లు కాలుస్తాము. మొన్న ట్యాబ్ పట్టుకుని ఒక పిల్లోడు వచ్చినాడు. సెంట్రల్ గవర్నమెంటు స్కీమంట, 3 కిలోవాట్ల సోలార్ పెడితే ఇంక జన్మలో బిల్లు రాదంట, కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయంట. 78,000 సబ్సిడీ వాళ్ల కంపెనీకే వస్తుందని, అది తగ్గించి మాకు రేటు వేస్తామని చెప్పినాడు. ఈ రోజే 15,000 ఫోన్లో పంపితేనే ఈ రేటంట. మాకు పడమర పక్కన మూడంతస్తుల లాడ్జి ఉంది. మీటరు చనిపోయిన మా మామగారి పేరు మీదనే ఉంది. పరవాలేదన్నాడు. మా ఆయన కట్టేద్దామంటున్నాడు. నమ్మొచ్చా సార్?
– ఒక గృహిణి

జవాబు: డబ్బు పంపొద్దమ్మా. స్కీము మాత్రం నిజమే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ అది. 3 కిలోవాట్లకు 78,000 అన్నదీ నిజమే. కానీ ఆ డబ్బు కంపెనీకి పోదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు (లైన్లోకి పంపిన కరెంటునూ, వాడుకున్నదాన్నీ లెక్కేసే మీటరు) పెట్టి, తనిఖీ అయినాక దరఖాస్తు చేసినవాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మాకే వస్తుందన్నాడంటే ఆ మాట నిజం కాదని అక్కడే తెలిసిపోయింది.

కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుందన్న మాటకు నాకు నవ్వొచ్చింది. లైన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ని. బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టర్, లైన్లో సప్లై పోయిన వెంటనే తనూ ఆగిపోతుంది. ఆగకపోతే మీ ఇంటి సోలార్ కరెంటు లైన్లోకి ఎక్కి, స్తంభం ఎక్కినవాడి ప్రాణం పోతుంది. బిల్లూ పూర్తిగా పోదు, ఫిక్స్‌డ్ ఛార్జీలు ఉంటాయి.

అతను మోసగాడో, కమీషన్ కోసం నోటికొచ్చింది చెప్పే కుర్రాడో ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఏదైనా మీకు ఆ బేరం పనికిరాదు. ఒక కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. 3 కిలోవాట్లంటే నెలకు 360. మీరు కాల్చేది అందులో సగం కూడా లేదు. మీకు 2 కిలోవాట్లే ఎక్కువ. దానికి సబ్సిడీ 60,000. పైగా ఆ లాడ్జి నీడ మధ్యాహ్నం దాటితే మీ మిద్దె మీద పడుతుందేమో ఎవరు చూశారు? ఒక ప్యానెల్ మీద నీడ పడినా దాంతో కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గొచ్చు. పైకెక్కి చూడకుండా, టేపు పట్టకుండా రేటు చెప్పినవాడితో ఏం బేరం?

ముందు మీటరు పేరు మార్పించండి. దరఖాస్తు చేసేవాళ్ల పేరూ సర్వీసు పేరూ ఒకటిగా ఉండాలి. మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసే తిరుపతిలో ఉంది కానీ అంతదూరం అక్కర్లేదు, మీ సెక్షన్ ఆఫీసులో అడిగితే చాలు. తర్వాత సూర్యఘర్ పోర్టల్లో మీ సర్వీసు నంబరుతో మీరే రిజిస్టర్ చేసుకుని, అందులో ఉన్న వెండర్లలో ఇద్దరు ముగ్గుర్ని పిలిచి మిద్దె చూపించండి. కొటేషన్లో ప్యానెళ్లు మన దేశంలో తయారైనవేనని రాయించుకోండి, లేకుంటే సబ్సిడీ రాదు. చేతిలో డబ్బు లేకపోతే ఈ స్కీము కిందే ప్రభుత్వ బ్యాంకులు తనఖా లేకుండా లోను ఇస్తాయి.

ఆ పిల్లోడికి ఆధార్, కరెంటు బిల్లు ఫోటోలు ఇచ్చుంటే ఇచ్చారు. ఓటీపీ అడిగితే మాత్రం చెప్పకండి. మీ ఆయన ఈ లోపలే డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.