బేళ్ల డబ్బు కోసం చూస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టంగుటూరు వేలంలో మన పొగాకు బేళ్లు అమ్ముడుపోయాయని అమ్మ చెప్పింది, సంతోషం. డబ్బు ఖాతాలో పడేదాకా ఫోన్ మోగినప్పుడల్లా తీసి చూస్తుంటావు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. మోసం చేసేవాడికి నీ సంగతులు తెలియక్కర్లేదు. ఒకే మెసేజీ వేలమందికి పంపుతాడు. డబ్బు కోసం ఎదురుచూసేవాడికి అది తన కోసమే వచ్చిందనిపిస్తుంది. కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుందంటాడు, రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు తీసేస్తామంటాడు, పీఎం కిసాన్ రెండు వేలు ఆగాయంటాడు. ఏదైనా సరే, నీకు తొందర పెట్టి పక్కనే ఒక లింకో, నంబరో ఇస్తాడు.

ఆ లింకు నొక్కొద్దు, ఆ నంబరుకి చేయొద్దు. విషయం నిజమేమో అనిపిస్తే పాస్‌బుక్ మీదున్న నంబరుకి నువ్వే ఫోన్ చెయ్యి, లేదా బ్రాంచికి వెళ్లు. కరెంటు సంగతైతే బిల్లు మీదున్న నంబరు ఉంది. ఒక్క పూట ఆలస్యమైతే ఏ బ్యాంకూ నీ ఖాతా మూసెయ్యదు.

పదంకెల మామూలు నంబరు నుంచి బ్యాంకు పేరుతో మెసేజీ వస్తే అనుమానించు. అసలు బ్యాంకు మెసేజీ మీద నంబరు ఉండదు, అక్షరాల పేరు ఉంటుంది. అయినా పేరు సరిగ్గా కనిపించినంత మాత్రాన నమ్మకు. లింకులో https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు, చివర ఏముందో చదువు. రిజర్వ్ బ్యాంకు 2025లో బ్యాంకులన్నిటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకు మారమంది. ముందు బ్యాంకు పేరు పెట్టి చివర ఇంకేదో ఉంటే అది దొంగదే.

అన్నిటికన్నా నాకు భయం ఏపీకే ఫైలుదే, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు. చలానా అనో, పథకం జాబితా అనో వాట్సాప్‌లో వస్తుంది, తెలిసినవాళ్ల నంబరు నుంచి కూడా రావచ్చు, వాళ్ల ఫోన్ అప్పటికే మోసగాడి చేతికి చిక్కి ఉంటుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి మెసేజీలు చదివే అనుమతి ఇచ్చావంటే, నువ్వు ఎవరికీ చెప్పకపోయినా ఓటీపీలు వాడికి చేరతాయి. ఇంకో మాట, డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే నీ డబ్బు పోతోందని అర్థం.

ఒకవేళ పొరపాటు జరిగిందే అనుకో. లింకు తెరిచి ఏమీ నింపకుండా మూసేస్తే అంత టెన్షన్ అక్కర్లేదు. ఏపీకే ఎక్కించి ఉంటే వెంటనే డేటా, వైఫై ఆపి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించు. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి. డబ్బు వాడి ఖాతా నుంచి ఇంకో నాలుగు ఖాతాల్లోకి మారేలోపే ఆపించగలిగితేనే దొరుకుతుంది. మెసేజీ చెరిపెయ్యకు, స్క్రీన్‌షాట్, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యి. నీ చేతుల్తో ఓటీపీ ఇచ్చినా సరే చెప్పడం మానకు. రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన నియమం ప్రకారం అలాంటప్పుడు బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయింది నీది, ఆ తర్వాత పోయేది బ్యాంకుది. నేను బ్యాంకులో ఉన్నన్నాళ్లూ చూసింది ఇదే: ఇంట్లో తిడతారని రెండ్రోజులు దాచుకుని వచ్చేవాళ్లు. వాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోయేది. పోయిన డబ్బు ఇప్పిస్తామని తర్వాత ఫోన్ చేసేవాళ్లనీ నమ్మకు, ముందు ఫీజు కట్టమంటారు.

డబ్బు పోకుండా మెసేజీ మాత్రమే వస్తే టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చక్షు అని ఉంది, అక్కడ తెలియజెయ్యి.

అమ్మ ఫోన్‌లో 1930, బ్యాంకు నంబరు ఇవాళే సేవ్ చేసిపెట్టు. బయటి ఫైళ్లు ఇన్‌స్టాల్ అవ్వకుండా సెట్టింగ్ మార్చు. ఏ మెసేజీ వచ్చినా నీకు చూపించమని చెప్పు, చూపించినప్పుడు మాత్రం విసుక్కోకు.

ఇట్లు,
మీ మామయ్య