టైరు లైటు వెలిగింది, టైరు పేలింది: కేసు ఎవరి మీద?

సందేహం: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు, మేత వ్యాపారం ఉన్నాయి. 2024లో చెన్నై షోరూంలో 74 లక్షలు పెట్టి విదేశీ కంపెనీ కారు కొన్నాం. ఆర్‌సీ మా పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పేరు మీద ఉంది, తిరిగేది మాత్రం ఇంట్లోవాళ్లమే. మూడో నెల నుంచి డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి లైటు వస్తూ పోతూ ఉంది. రెండుసార్లు చెన్నై తీసుకెళ్లి సర్వీస్ సెంటర్లో చూపిస్తే ‘రీసెట్ చేశాం, ఏం కాదు’ అని పంపేశారు. మొన్న మే నెలలో ఒంగోలు నుంచి వస్తుంటే సింగరాయకొండ దాటాక వెనక ఎడమ టైరు పేలి, కారు డివైడర్‌కు కొట్టుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. రిపేరు ఎస్టిమేటు 9 లక్షలు. వార్నింగ్ లైటు వెలుగుతున్నా బండి నడిపారు కాబట్టి క్లెయిం రాదని ఇన్సూరెన్స్ వాళ్లు లెటర్ ఇచ్చారు. టైరుకు మా వారంటీ ఉండదు, బయట గాలి పెట్టించారు కాబట్టి మాకు సంబంధం లేదని షోరూం వాళ్లంటున్నారు. కారులో స్టెప్నీ కూడా లేదు. కొత్త కారు ఇప్పించుకోవచ్చా? కేసు నెల్లూరులో వేయాలా, చెన్నైలోనా? – ఒక పాఠకుడు, కావలి

సలహా: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘లైటు వస్తూ పోతూ ఉంది’ అన్నది. ఆ లైటును చూపించే మీరు షోరూం మీద కేసు వేస్తారు. ఆ లైటునే చూపించి ఇన్సూరెన్స్ కంపెనీ మీకు డబ్బు ఎగ్గొట్టాలని చూస్తోంది. అందుకని కాగితం మీద ఒక్క అక్షరం పెట్టేముందు, ఆ లైటు అసలు ఏం చెప్పిందో తేల్చుకోండి.

టైరు గాలి చూసే ఈ టీపీఎంఎస్ సాధారణంగా రెండు రకాలుగా మాట్లాడుతుంది. బండి స్టార్ట్ చేయగానే లైటు వెలిగి నిలకడగా ఉండిపోతే ఏదో టైరులో గాలి తగ్గిందని. అలా కాకుండా నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకు మిణుకుమని ఆ తర్వాత నిలిచిపోతే సిస్టమే పాడైందని, అంటే కాపలావాడికే కళ్లు కనపడటం లేదని. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడి చాలామంది చనిపోయాక 2000లో చట్టం వచ్చింది. దాని కింద 2007 సెప్టెంబరు నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ ఈ సిస్టమ్ తప్పనిసరి చేస్తూ పెట్టిన పద్ధతి ఇది. ఇతర దేశాల్లో అమ్మే బండ్లలోనూ చాలా కంపెనీలు దీన్నే పాటిస్తున్నాయి. మీ కారు మాన్యువల్‌లో ఆ పేజీ తీసి చూడండి, జిరాక్స్ కూడా తీసి పెట్టుకోండి. నిలకడ లైటయితే గాలి చూసుకోవాల్సిన బాధ్యత ముందు మీ మీద పడుతుంది. మిణుకు లైటయితే బరువంతా సర్వీస్ సెంటర్ నెత్తిన పడుతుంది.

ఇక ‘రీసెట్ చేశాం’ అన్న మాట. ఇక్కడే మీ కేసుకు బలం ఉందని నాకనిపిస్తోంది. కొన్ని కార్లలో ప్రతి చక్రంలోనూ గాలి కొలిచే సెన్సర్ ఉంటుంది. కొన్నిటిలో విడిగా సెన్సర్ ఉండదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కోసం పెట్టిన చక్రాల స్పీడు సెన్సర్లతోనే, ఏ చక్రం మిగతావాటికంటే వేగంగా తిరుగుతోందో చూసి, దాంట్లో గాలి తగ్గిందని లెక్క కడుతుంది. ఈ రెండో రకంలో రీసెట్ నొక్కితే ఆ క్షణాన ఎంత గాలి ఉంటే అదే సరైనదని కారు రాసుకుంటుంది. గాలి తక్కువగా ఉన్న టైరు మీద రీసెట్ కొడితే లైటు ఆరిపోతుంది, గాలి మాత్రం తక్కువగానే ఉంటుంది. పైగా మీరు కావలి నుంచి చెన్నై దాకా హైవే మీద తోలుకుంటూ వెళ్లారు. అంతసేపు తిరిగిన టైరు వేడెక్కి లోపలి గాలి మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం మామూలే. డోరు పక్కన స్టిక్కర్ మీద రాసిన అంకె చల్లటి టైరుకు వర్తిస్తుంది. సర్వీస్ సెంటర్లో గేజి పెట్టినవాడు వేడి టైరు మీద 36 చూసి ‘సరిపోయింది’ అనుకుని రీసెట్ కొట్టి ఉంటే, అది సేవా లోపమని వినియోగదారుల కమిషన్ ముందు గట్టిగానే వాదించవచ్చు.

కాబట్టి ఆ రెండు విజిట్ల జాబ్ కార్డులు, రోడ్డు టెస్టు రిపోర్టు ఉంటే అదీ, స్కాన్ రిపోర్టులూ రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. ఫోన్లో అడిగితే ‘పంపిస్తాం సార్’ అంటారు, పంపరు. జాబ్ కార్డులో ‘కస్టమర్ కంప్లయింట్’ అన్న గడిలో టైరు లైటు మాట ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం. లేకపోతే ఆ రోజుల్లో వాళ్లకు మీరు పంపిన వాట్సాప్ మెసేజీలు, డ్యాష్‌బోర్డు ఫొటోలు వెతకండి. ఫోన్లో ఉన్న వాటిని దాఖలు చేసేటప్పుడు 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, అవి ఏ ఫోన్ నుంచి ఎలా తీసినవో చెప్పే సర్టిఫికెట్ జతచేస్తాం. కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకోదు గానీ, అవతలివాళ్లకు వంక దొరక్కుండా ఉంటుంది.

పేలిన టైరు ఎక్కడుంది? మీరు రాయలేదు. పాత టైరు ఇచ్చేసి రేటు తగ్గించుకునే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి అడుగుతున్నాను. రిమ్ముతో సహా ఇంట్లో ఒక మూల పెట్టి తాళం వేయండి. గాలి తక్కువతో చాలాదూరం నడిచిన టైరుకు పక్క గోడ చుట్టూతా నలిగిన గుండ్రటి గీత పడుతుంది, లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది. గోతిలో పడి ఒక్క దెబ్బకు పగిలిన టైరుకు ఆ గీత ఉండదు, కొట్టుకున్న చోట మాత్రం చీలిక ఉంటుంది. టైరు లోపభూయిష్టమో కాదో పరీక్ష లేకుండా తేలదనుకుంటే ల్యాబుకు పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది. టైరే లేకపోతే ఏం పంపిస్తారు? పక్క గోడ మీద నాలుగంకెల తయారీ కోడ్ (వారం, సంవత్సరం) ఉంటుంది, దాన్నీ దగ్గరగా ఫొటో తీయండి. కొత్త కారుకు పాత టైరు తగిలించి ఉంటే అది వేరే కథ.

స్టెప్నీ లేదని మీరు చివర్లో చిన్నగా రాశారు గానీ అది చిన్న విషయం కాదు. మన దేశంలో ప్రతి కారుకూ టీపీఎంఎస్ ఉండి తీరాలన్న నిబంధన లేదు. అయితే 2020 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరిస్తూ, ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ రిపేరు కిట్ ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని మినహాయింపు ఇచ్చారు. అంటే మీ కారు కంపెనీ స్టెప్నీ ఎగరగొట్టింది ఆ సిస్టమ్ ఉందన్న ధైర్యంతోనే. అలాంటప్పుడు ‘అది అదనపు సౌకర్యం మాత్రమే’ అని కోర్టులో చెప్పడం వాళ్లకు అంత తేలిక కాదు. షోరూంకు పంపే లీగల్ నోటీసులో ఈ పాయింటు తప్పకుండా పెట్టించండి.

కొత్త కారు వస్తుందా అంటే, నిజం చెప్పాలంటే అవకాశం తక్కువ. ఒక భాగం పాడైతే ఆ భాగం మార్చడమే కంపెనీ బాధ్యత, బండి మొత్తం మార్చాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2006లో మారుతి కేసులో చెప్పింది. దానికి ఎదురుగా 2022లో హ్యుందాయ్ క్రెటా కేసు ఉంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢీకొన్న వేగం, బలం లెక్కలు కట్టడానికి కొన్నవాడేమీ ఫిజిక్సు నిపుణుడు కాదంటూ, కారు మార్చి ఇవ్వమన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. భద్రత పేరు చెప్పి అమ్మిన వస్తువు అవసరమైన క్షణంలో పనిచేయకపోతే ఏమవుతుందో ఆ తీర్పు చెబుతుంది. మీ కేసులో లైటు అసలు వెలగకుండా టైరు పేలి ఉంటే దానికి దగ్గరగా ఉండేది. మీకు వెలిగింది. కొత్త కారు కోరుతూనే, అది కాకపోతే రిపేరు ఖర్చు, సిస్టమ్ ఉచితంగా మార్పు, నష్టపరిహారం అని ప్రత్యామ్నాయంగా అడగండి. అక్కడే మీకు నిజంగా ఏదైనా దక్కేది. ఇంకొకటి. 2019 చట్టంలో ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ (వస్తువు వల్ల జరిగిన హానికి దాన్ని తయారుచేసినవాళ్ల, అమ్మినవాళ్ల బాధ్యత) అధ్యాయం ఉందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. ఆ వస్తువుకే జరిగిన నష్టం దాని కిందికి రాదు. మనుషులకు గాయాలైతే, ఆ వస్తువు కాకుండా వేరే ఆస్తి పాడైతే అది పనికొస్తుంది. మీరు వస్తు లోపం, సేవా లోపం అన్న పాత దారినే వెళ్లాలి.

ఆర్‌సీ ఫర్మ్ పేరు మీద ఉందని భయపడొద్దు. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారు కాదని వాళ్లు మొదటి పేరాలోనే రాస్తారు, ఖాయం. ఒక కంపెనీ తన డైరెక్టర్ వాడకం కోసం కొన్న మెర్సిడెస్ కారు విషయంలో ఇదే వాదనను సుప్రీంకోర్టు 2024 జులైలో తోసిపుచ్చింది. కారును లాభం సంపాదించే పనికి నేరుగా వాడారా, సొంతానికి వాడారా అన్నదే ప్రశ్న. కారును అద్దెకు తిప్పలేదు, మేత బస్తాలు మోయలేదు అని అఫిడవిట్‌లో రాయండి.

ఎక్కడ వేయాలి అన్నది రెండు కేసులకు రెండు రకాలు. కారు కంపెనీ, షోరూం, సర్వీస్ సెంటర్ మీద వేసే ఫిర్యాదుకు మీరు చెల్లించిన ధర చూస్తారు. 50 లక్షలు దాటింది, 2 కోట్ల లోపు ఉంది కాబట్టి విజయవాడలోని రాష్ట్ర కమిషన్. ఫీజు 2,000 రూపాయలు. చెన్నై వెళ్లనక్కర్లేదు. 2019 చట్టం కింద ఫిర్యాదుదారు ఉండే చోట వేసుకోవచ్చు, మీకైతే ప్రమాదం కూడా మన రాష్ట్రంలోనే జరిగింది. ఇన్‌వాయిస్ వెనక ‘చెన్నై కోర్టులకు లోబడి’ అని అచ్చేసిన వాక్యం ఈ హక్కును తీసేయలేదు. టైరు కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. చేర్చకపోతే మిగిలినవాళ్లంతా కలిసి తప్పంతా టైరుదేనని కేసులో లేనివాడి మీదికి తోస్తారు.

ఇన్సూరెన్స్ మీద మాత్రం నెల్లూరు జిల్లా కమిషన్లోనే వేయొచ్చు. అక్కడ చెల్లించిన ధర అంటే ప్రీమియం, అది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. ఓంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అధికారి) దారి, పాలసీ ఫర్మ్ పేరు మీద ఉండటం వల్ల మీకు అంత సులువు కాదు. ఫర్మ్ మైక్రో సంస్థగా నమోదై ఉంటే చెప్పండి, అప్పుడు ఆలోచిద్దాం.

ఇన్సూరెన్స్ కంపెనీ వాదనలో పస ఎంత? ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే పాడైతే పైసా రాదు. టైరుతో పాటు బండి కూడా అదే ప్రమాదంలో దెబ్బతింటే టైరు ఖర్చులో సగం ఇస్తారు. డివైడర్‌కు కొట్టుకున్న బాడీ, సస్పెన్షన్ నష్టం ప్రమాదం కిందికే వస్తుంది. బండిని జాగ్రత్తగా చూసుకోవాలన్న షరతు పాలసీలో ఉన్న మాట నిజం. కానీ మీరు లైటు చూసి ఊరుకోలేదు, రెండుసార్లు 200 కిలోమీటర్లకు పైగా తోలుకుని వెళ్లి కారు కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్లోనే చూపించారు. అంతకంటే జాగ్రత్త ఏం తీసుకోవాలి? కాస్త అజాగ్రత్త ఉన్నంత మాత్రాన క్లెయిం పోతే ఇక ఇన్సూరెన్స్ ఎందుకు? టైరు పేలడం దైవాధీనం కాదని 2023లో బొంబాయి హైకోర్టు అన్నది, కానీ అది చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం ఎగ్గొట్టాలని చూసిన కంపెనీకి చెప్పిన జవాబు. దాన్ని మీ మీద తిప్పబోతే ఈ తేడా చెప్పాలి. తిరస్కరణ లెటర్లో లేని కొత్త కారణాలను తర్వాత కోర్టులో ఎత్తుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది కాబట్టి ఆ లెటర్ ఒరిజినల్ భద్రం. షరతు ఉల్లంఘన ఉందని ఒకవేళ తేలినా, 75 శాతం దాకా ఇప్పించిన తీర్పులు ఉన్నాయి.

గడువు రెండేళ్లు. క్లెయిం తిరస్కరించిన తేదీ నుంచి ఇన్సూరెన్స్ కేసుకు, షోరూం కేసుకు ప్రమాదం తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. షోరూంవాళ్లు మెయిల్స్‌తో కాలం గడిపితే గడువు ఆగదు. చట్టంలో టెస్టు అవసరం లేని కేసు మూడు నెలల్లో, ఉన్నది ఐదు నెలల్లో తేల్చాలని రాసి ఉంది. అది చదివి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోకండి.

రెండు చోట్లా కేసు నడిచేటప్పుడు ఒక చోట చెప్పిన మాట రెండో చోట బయటికొస్తుంది. విజయవాడలో ‘లైటు రోజూ వెలిగేది, వాళ్లు పట్టించుకోలేదు’ అనీ, నెల్లూరులో ‘లైటు అప్పుడప్పుడే, ఆ రోజు వెలగలేదు’ అనీ రాస్తే రెండూ పోతాయి. ప్రమాదం జరిగిన రోజు ఒంగోలులో బయల్దేరినప్పుడు లైటు ఉందా లేదా? ఉంటే నిలకడగానా, మిణుకుతూనా? కారు మెమొరీలో ఫాల్ట్ కోడ్ కిలోమీటర్లతో సహా ఉండే అవకాశం ఉంది కాబట్టి రిపేరు మొదలుపెట్టకముందే, మీ మనిషి పక్కన ఉండగా స్కాన్ తీయించి ప్రింటు తెచ్చుకోండి. రిపేరయ్యాక కోడ్స్ చెరిపేస్తారు. ప్రమాదం తర్వాత మీరు గానీ డ్రైవర్ గానీ క్లెయిం ఫారంలో ‘ప్రమాదం ఎలా జరిగింది’ అన్న చోట ఏం రాశారో, సర్వేయర్‌కు ఏం చెప్పారో నాకు కాపీ పంపండి. నోటీసు దాన్ని చూశాకే రాయాలి.